మారినంత వరకే

పుంగనూరులో టైలర్లు లేక కాదు. జాకెట్టు చంకల్లో బిగుసుకుపోయిందనే సాకు పెట్టుకొని పోయిన వారం మదనపల్లె బస్సెక్కాను. అసలు పని ఆపాను చూడటం. ఆమెతో అనవలసిన మాట ఒకటి తొమ్మిదేళ్ళుగా నా దగ్గరే ఉండిపోయింది. అంగడి ముందు చెప్పులు వదిలి లోపలికి అడుగు పెడితే, ఆమె కూర్చునే మిషన్‌కు గుడ్డ కప్పి ఉంది. పక్క మిషన్ మీద ఆమె తమ్ముడు ప్యాంటు అంచు మడిచి కుడుతున్నాడు. నన్ను చూసి, గుర్తుపట్టి, కాలు ఆపాడు.

"ఆపా లేదు మేడమ్. పోయి నాలుగు నెల్లాయ. మీకు చెప్పేదానికి నంబరు యాడుండాదో తెలీలేదు" అన్నాడు.

ఏం జబ్బని అడిగాను. కిడ్నీలన్నాడు. ఆయన స్టూలు జరిపితే కూర్చున్నాను. జాకెట్టు ఒళ్ళో పెట్టుకొని, కప్పిన మిషన్ వైపు చూస్తూ ఉండిపోయాను. ఆయన ప్యాంటు కుట్టడం పూర్తి చేశాడు.

ఆపా అంటే ముస్లిముల ఇళ్ళలో అక్క, అబ్బా అంటే నాన్న. నాకు ఆమె చుట్టమూ కాదు, మా ఊరిదీ కాదు. కుప్పం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నేను కొత్తగా చేరిన లెక్చరర్‌ని, ఆమె కంప్యూటర్ ల్యాబ్‌లో ప్రోగ్రామర్. ప్రోగ్రామర్ అని పేరే గాని, పని ల్యాబ్ తాళాలు తీయడంతో మొదలై ఫ్యాన్లు ఆపడంతో ముగిసేది. అప్పుడు నాకు ఇరవై మూడు, ఆమెకు ముప్పై ఐదు దాటి ఉంటాయి. నాది ఇంజనీరింగ్ డిగ్రీ, ఆమెది పాలిటెక్నిక్ డిప్లొమా. అందుకని పిల్లల ముందు నన్ను "మేడమ్, మీరు" అనేది. సాయంత్రం ఇద్దరం కలిసి ఉంటున్న అద్దె గది తలుపు వేయగానే "ఏమ్మే, బియ్యం కడిగితివా లేదా" అనేది. మర్యాద ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో ఆమెకు తెలిసినంత బాగా నాకు ఇప్పటికీ తెలియదు.

సన్నగా, పొడుగ్గా ఉండేది. తల మీద దుపట్టా ఎప్పుడూ జారేది, ఎప్పుడూ సర్దుకునేది. ఎడమ చేతికి మగవాళ్ళ గడియారం. అది వాళ్ళ నాన్నది, చేతికి వదులై మోచేతి దాకా పోతూ వస్తూ ఉండేది. దానిలో తారీకు కనబడే చిన్న కిటికీ ఉంది. ముప్పై రోజుల నెల అయిపోయిన మరునాడు ఆ కిటికీ ముప్పై ఒకటి చూపించేది. ఆ పొద్దున ఆపా ఎక్కడున్నా, కాలేజీ గేటు దగ్గరైనా సరే, ఆగి గడియారం చెవి తిప్పి ఒకటి పెట్టి గాని కదిలేది కాదు. ఆ గడియారం కాకుండా ఎప్పుడూ వెంట ఉండే వస్తువు ఇంకోటి చేతిసంచిలో ఉండేది, టైలర్లు గుడ్డ మీద గీత గీసే నీలం సుద్ద. కంప్యూటర్ ల్యాబ్‌లో సుద్దతో పనేంటని మొదటి రోజు నవ్వుకున్నాను.

ఆమె నోట ఎక్కువసార్లు విన్న మాట "ఏం మారింది?"

పిల్లలు పరిగెత్తుకొచ్చి "మేడమ్, ప్రోగ్రాం పని చేయడం లేదు" అంటే, ఆపా తెర వైపు చూసేది కాదు. "నిన్న పని చేసిండె గదా. నిన్నటికీ ఈ రోజుకీ ఏం మారింది?" అనేది. ఏమీ మార్చలేదు మేడమ్ అనేవాళ్ళు. "ఏమీ మారకుండా ఏదీ చెడిపోదప్పా. పోయి ఆలోచించుకొని రా" అని పంపించేది. అయిదు నిమిషాల్లో తల గోక్కుంటూ వచ్చేవాళ్ళు.

ఇక్కడ కంపైలర్ గురించి ఒక్క మాట చెప్పాలి. మనం రాసిన ప్రోగ్రామును కంప్యూటర్ మిషన్‌కు అర్థమయ్యే అంకెల్లోకి దింపిపెట్టే ప్రోగ్రామునే కంపైలర్ అంటారు. కొని తెచ్చినది ల్యాబ్‌లో ఉంది. అయినా దాని కడుపులో ఏముందో పిల్లలకు తెలియాలని ఆపా తన తీరిక వేళల్లో ఒక చిన్న కంపైలర్ సొంతంగా రాయడం మొదలుపెట్టింది. తీరిక అంటే మధ్యాహ్నం భోజనాల వేళ, సాయంత్రం పిల్లలు పోయాక ఒక గంట. నేను చేరేనాటికి అది ముప్పై చిల్లర ఫైళ్ళయింది. ఆ ముప్పైనీ ఒక్కొక్కటిగా అంకెల్లోకి మార్చి, అన్నిటినీ కలిపి ఒకటిగా కట్టడాన్ని బిల్డ్ అంటాం. మా పాత మిషన్ల మీద మొత్తం బిల్డ్ చేస్తే గంటకు పైగా పట్టేది. కరెంటేమో గంట నిలిచేది కాదు. ఇరవయ్యో ఫైలు దగ్గరో ఇరవై అయిదో దగ్గరో తెరలన్నీ ఒక్కసారి నల్లబడేవి, పిల్లలు హోరుమని అరిచేవాళ్ళు, ఆపా దుపట్టా సర్దుకొని కిటికీ తెరిచేది.

నేను మంచి కాలేజీలో చదువుకొని వచ్చినదాన్ని. ఏది మార్చినా పాతవన్నీ చెరిపేసి మొత్తం మళ్ళీ కట్టడం నాకు అలవాటు. అది శుభ్రమైన పని అనుకునేదాన్ని. మొదటి వారంలో అట్లా ఒక మధ్యాహ్నమంతా పోగొట్టాను. ఆపా నా వెనక నిలబడి చూసింది.

"యాల మేడమ్ అంతా మళ్ళా కట్టేది?"

"ఎందుకైనా మంచిదని."

"ఎందుకైనా మంచిదంటే ఎందుకో తెలీదని" అని నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. ఆ సాయంత్రం గదిలో కూరగాయలు తరుగుతూ తనే మళ్ళీ ఎత్తుకుంది. "మా అబ్బా అంగడికి పెండ్లిండ్ల కాలంలో సంచులు సంచులు జాకెట్లు వస్తాయి, బిగుతని, వదులని. ఒక్కదాన్నన్నా మొత్తం విప్పినాడా? వేయించి సూస్తాడు. యాడ బిగుతో ఆడ నీలం గీత. ఆ కుట్టొకటే విప్పుతాడు. చేతులు బాగుండాయంటే చేతుల జోలికి పోడు. మొత్తం విప్పేవాడు కుట్టేవాడు కాదంటాడు. ఎందుకంటే వానికి యాడ తప్పుండాదో తెలీక విప్పుతాండాడు."

సుద్ద కథ అప్పుడు తెలిసింది. ల్యాబ్ గోడకు ఒక పాత క్యాలెండర్‌ను తిరగేసి తగిలించింది. దాని మీద ముప్పై చిల్లర గళ్ళు, ఒక్కో గడికి ఒక ఫైలు పేరు, ఏది దేని మీద ఆధారపడిందో చూపిస్తూ గీతలు. ఎవరైనా ఒక ఫైలు మారిస్తే ఆ గడి మీద సుద్దతో నీలం గీత పెట్టాలి. దాని మీద ఆధారపడినవి మాత్రమే మళ్ళీ కట్టాలి. కట్టడం అయిపోయాక ఆపా వచ్చి దుపట్టా కొసతో ఆ గీత తుడిచేది. సాయంత్రం ల్యాబ్ మూసే ముందు క్యాలెండర్ మీద నీలం మిగలకూడదు. దుపట్టా కొస మాత్రం ఎప్పుడూ నీలంగానే ఉండేది, ఏ రంగు దుపట్టా అయినా.

ఆ ఫైళ్ళలో ఒకటి మాత్రం అన్నీ చదివేది. ఏ మాటకు ఏ అంకె అని అందులో ఉండేది. ఆపా దాన్ని 'కొలతల చీటీ' అనేది. కొలత మారితే ముక్కలన్నీ మళ్ళీ కత్తిరించాల్సిందే కదా, అట్లా ఆ ఫైలు ముట్టుకుంటే ముప్పైనీ కట్టాల్సిందే. పిల్లలు ఊరికే దాన్ని కెలుకుతుంటే ఆపా ఒక ఆదివారమంతా కూర్చొని ఆ చీటీని నాలుగు ముక్కలు చేసింది. మెడ కొలత కావలసినవాళ్ళు మెడ చీటీ చూస్తారు, నడుము చీటీతో వాళ్ళకు పని లేదు. ఆ తర్వాత ఏం మార్చినా ఆరేడు ఫైళ్ళకు మించి కట్టే పని రాలేదు. గంట పని పది నిమిషాలకు వచ్చింది. కరెంటు ఉన్న కొద్దిసేపట్లో నాలుగు సార్లు తప్పు చేసి నాలుగు సార్లు దిద్దుకోగలిగాం. పెద్ద కంపెనీల్లో పనిచేసి వచ్చినవాళ్ళను ఆ తర్వాత చాలామందిని చూశాను. ఒకరి తర్వాత ఒకరుగా అందరూ చేసేది ఇదే. మాకు కుప్పంలో కరెంటు కోత నేర్పించింది, అంతే తేడా.

క్యాలెండర్ మా కంటి గుర్తుకు. కట్టమన్నప్పుడు ఏది మళ్ళీ కట్టాలో ఏది వద్దో మిషనే చూసుకునేలా కూడా ఒక ఏర్పాటు ఉండేది. అది తారీకుల మీద నడిచేది. మనం ఫైలు రాసిన తారీకు, అది చివరిసారి కట్టిన తారీకు రెండూ పోల్చి, రాసినది తర్వాతిదైతే మళ్ళీ కడుతుంది, లేకపోతే ముట్టదు. ఇంత చక్కటి ఏర్పాటుకు మా ల్యాబ్‌లో ఒకటే అడ్డు. మిషన్లలో గడియారాన్ని నడిపే చిన్న బ్యాటరీలన్నీ చచ్చిపోయి ఉన్నాయి. కొత్తవి కావాలని ఆపా పెట్టిన కాగితం ఆఫీసులో ఏ బల్ల మీదో పడుకొని ఉంది. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ప్రతి మిషనూ పంతొమ్మిది వందల ఎనభై జనవరి ఒకటో తారీకున లేచేది. కొత్త సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ నూరేళ్ళు వెనక్కి పోతాయని పేపర్లు భయపెడుతున్న రోజులవి. మేము రోజుకు మూడుసార్లు ఇరవై ఏళ్ళు వెనక్కి పోయి వస్తూనే ఉన్నాం.

అందుకని మిషన్ లేవగానే ఈ రోజు తారీకెంత, టైమెంత అని అడిగేలా ఆపా పెట్టింది. కరెంటు రాగానే వరసల మధ్య బస్సు కండక్టర్ లాగా నడుస్తూ "తారీకు, తారీకు, తారీకు సూడండప్పా" అని అరిచేది. గడియారం చూసి తనే చెప్పేది. తారీకు కొట్టకుండా ఉత్త ఎంటర్ నొక్కితే మిషన్ ఏమీ అనదు, ఎనభైలోనే ఉండిపోతుంది. అప్పుడు మనం ఫైలు మార్చినా అది ఇరవై ఏళ్ళ పాతదిగా లెక్క. కట్టమంటే, అన్నీ తాజాగానే ఉన్నాయి, కట్టేదేమీ లేదు అంటుంది.

శనివారాలు మధ్యాహ్నం ఇద్దరం ఒకే బస్సు ఎక్కేవాళ్ళం. వి.కోట, పలమనేరు దాటి నేను పుంగనూరులో దిగిపోతే ఆమె మదనపల్లె దాకా పోయేది. కిటికీ పక్క సీటు ఆమెదే. ఆ ప్రయాణంలోనూ అదే ఆట. "ఆ గోడకు పోయిన వారం సున్నం లేదు, సూడు." "ఈడ టమాటా బుట్టలు పేర్చే షెడ్డు కొత్తగా ఏసినారు." "ఆ ఇంటి ముందర ఎనుము ఈనింది." నేనేదైనా ముందు కనిపెడితే వేరుశనక్కాయలు నాకు. పలమనేరు నుంచి పుంగనూరు లోపల నేను గెలిచింది రెండు మూడుసార్లే.

మార్చిలో కాలేజీకి తనిఖీ బృందం వస్తుందన్నారు. మా డిపార్ట్‌మెంట్ హెడ్ గారు ఆపాను పిలిచి, మన సొంత కంపైలర్ చూపిద్దాం, వాళ్ళు మెచ్చుకుంటే మీ పోస్టు పర్మనెంట్ చేయమని నేను గట్టిగా రాస్తాను అన్నారు. ఏడేళ్ళుగా ఆమెది ఆరు నెలలకొకసారి కొత్త కాగితం ఇచ్చే ఉద్యోగం. గదికి వచ్చి ఆ మాట చెప్పినప్పుడు ఆపా ముఖం చూడాలి. దుపట్టా జారినా సర్దుకోలేదు. "పర్మనెంట్ అయితే అబ్బాను ఈడికే పిల్సుకొస్తా. కండ్లు కనబడ్డం లేదు ఆయనకి, సూదిలో దారం నేనే ఎక్కించి వస్తాండా వారానికి సరిపడా" అంది. వారానికి సరిపడా అంటే నిజంగానే. శనివారం పోయి పాతిక సూదుల్లో దారాలు ఎక్కించి దిండుకు గుచ్చిపెట్టి వచ్చేది.

తనిఖీకి రెండు రోజుల ముందు ఒక తప్పు బయటపడింది. ఐదులోంచి ఎనిమిది తీసేయమంటే మైనస్ మూడు రావాలి. మా కంపైలర్ కట్టిన ప్రోగ్రాము అరవై అయిదు వేల అయిదు వందల ముప్పై మూడు అంటోంది. ఆపా ఆ రాత్రికి ముందే తప్పు ఎక్కడుందో పట్టింది. ఒకే ఫైలు, నాలుగు లైన్లు. కానీ అప్పటికే కరెంటు లేదు, మరునాడు వాళ్ళ నాన్న కంటి ఆపరేషన్. కాగితం మీద ఆ నాలుగు లైన్లు రాసి నా చేతికిచ్చింది. "మూడే పనులు. తారీకు సూడు. ఈ నాలుగు లైన్లు మార్చు. కట్టు. అంతే, ఇంకేమీ ముట్టొద్దు. ఎల్లుండి మొదటి బస్సుకు వచ్చేస్తా" అని చెప్పి మదనపల్లె పోయింది.

మరునాడు మధ్యాహ్నం నేను మిషన్ ముందు కూర్చోగానే కరెంటు పోయింది. వచ్చేసరికి హెడ్ గారు నా కుర్చీ వెనక నిలబడి ఉన్నారు. "అయిందా? అయిందా?" అంటున్నారు. మిషన్ లేచింది. తారీకు అడిగింది, ఎంటర్ కొట్టాను. టైము అడిగింది, ఎంటర్ కొట్టాను. నాలుగు లైన్లు కాగితం చూసి అక్షరం పొల్లు పోకుండా మార్చాను. క్యాలెండర్ మీద ఆ గడికి నీలం గీత కూడా పెట్టాను, పద్ధతి ప్రకారం. కట్టమన్నాను. ఒక్క క్షణంలో అన్నీ తాజాగానే ఉన్నాయంది, అయిపోయిందనుకున్నాను. "చూశారా సార్, మొత్తం కట్టే పనే లేదు. ఇదే ఆపా పద్ధతి" అని గొప్పలు పోయాను. ఎప్పుడూ చూపించే ఉదాహరణలు నాలుగు నడిపించాను, నడిచాయి. అవి ఎప్పుడూ నడిచేవే. మైనస్ లెక్క ఒకటి వేసి చూడాలని తోచలేదు. ఫ్లాపీ మీదికి ఎక్కించి, లేచి పోయి, నా పైట చెంగుతో ఆ నీలం గీత తుడిచేశాను.

తనిఖీ రోజు ఆపా బస్సు దిగి నేరుగా ల్యాబ్‌కే వచ్చింది. గోడ మీద క్యాలెండర్ వైపు చూసింది. నీలం లేదు. నా వైపు చూసి తల ఊపింది.

బృందంలో ఒక పెద్దాయన నిజంగా ఆసక్తి ఉన్నవాడు. అరగంట కూర్చొని ఆపాను ప్రశ్నలు అడిగాడు. ఆమె చెబుతుంటే హెడ్ గారి ముఖం వెలిగిపోయింది. చివరికి ఆయన, నేనొకటి రాసి చూడొచ్చా అని కుర్చీ ముందుకు లాక్కున్నాడు. కంపైలర్ను పరీక్షించేవాళ్ళు ఎవరైనా మొదట రాసేదే రాశాడు. చిన్న అంకెలోంచి పెద్ద అంకె తీసేశాడు. తెర మీద అరవై అయిదు వేల చిల్లర వచ్చింది.

"ఇది దిద్దామన్నారే నిన్న?" అన్నారు హెడ్ గారు. ఆపా వంగి ఫైళ్ళ జాబితా తెప్పించింది. పై నుంచి కిందికి వేలు జరుపుతూ వచ్చింది. ఒక ఫైలు దగ్గర వేలు ఆగింది. దాని పక్కన జనవరి ఒకటి, ఎనభై. ఆమె భుజం వెనక నిలబడి నేనూ చూశాను. ఆపా వెనక్కి తిరగలేదు. ఇంకొక్క క్షణం చూసి, ఎవరూ చదవకముందే తెర తుడిచేసింది.

"మొత్తం కొత్తగా బిల్డ్ చేశారా అమ్మా?" అని పెద్దాయన మెల్లగానే అడిగాడు.

"లేదు సార్. మారినంత వరకే."

"మొత్తం చేసి ఉంటే ఇది వచ్చేది కాదు కదా."

"వచ్చేది కాదు సార్. తారీకు సూడలేదు. తప్పు నాదే."

"డిప్లొమా వాళ్ళతో ఇదే సార్" అన్నారు హెడ్ గారు, వాళ్ళను పక్క గదికి తీసుకుపోతూ. నిన్న ఎంటర్ కొట్టింది నేనని ఆయన చూశారు గాని, తప్పు అక్కడే జరిగిందని ఆయనకు తెలియదు. నేను అక్కడే ఉన్నాను. నాకు నోరుంది. నేను ప్రొబేషన్‌లో ఉన్నానని, ఇంకా ఎనిమిది నెలలు ఉందని ఆ క్షణంలో లెక్క కూడా వేశాను. ఆపా ఇచ్చిన మూడు పనుల్లో మొదటిది నేను మరిచిపోయానన్నది పొరపాటు. ఆ తర్వాత నిలబడి చూస్తూ ఊరుకున్నది పొరపాటు కాదు.

ఆ శనివారం బస్సులో ఆపా ఏమీ చూపించలేదు. టమాటా షెడ్లు, గోడలు, ఎనుములు అన్నీ వెనక్కి పోయాయి. పలమనేరు దాటాక నేను ఇక ఉండలేక "ఆపా, ఆ రోజు తారీకు..." అన్నాను.

"నువ్వు ఇప్పుడు చెప్తే ఏం మారుతాది?" అంది, కిటికీ లోంచి చూస్తూనే.

"నిజం తెలుస్తుంది కదా."

"తెలిస్తే? నీదీ పోతాది. నాది తిరిగి రాదు. చెడింది ఒక కుట్టు. యాల మొత్తం విప్పేది?" అని నా వైపు తిరిగింది. కోపం లేదు. కండ్లు మాత్రం ఎర్రగా ఉన్నాయి. "నాకు బాధ లేదని కాదు. ఉండాది. నీ మీద కూడా రెండు రోజులు ఉండె. కానీ నువ్వు మరిచిపోతావని నేను ముందే తలచాల్సింది. మనిషి మరిచిపోతే ఊరకుండే మిషన్ ఏం మిషన్?"

ఆ మాట నాకు అనుకూలంగా ఉంది. అందుకే చెప్పకుండా ఉండిపోవడానికి ఒప్పుకున్నాను. ఇన్నేళ్ళలో దాన్ని ఎన్ని రకాలుగా తిప్పి చూసినా, అంతకు మించి కారణం దొరకలేదు.

ఏప్రిల్‌లో ఆ పోస్టుకు డిగ్రీ ఉన్న ఒకాయన్ను తీసుకున్నారు. ఆపాకు మే నెలాఖరు దాకా కాగితం ఉంది. ఆ రెండు నెలలు ఆమె చేసిన పని ఒకటే. కట్టమనగానే మిషన్ ముందుగా ఫైళ్ళన్నిటి తారీకులూ చూసి, అన్నిటికంటే కొత్తదాని కన్నా ఈ రోజు తారీకు వెనక ఉంటే, కట్టనని మొండికేసేలా చేసింది. మొండికేసినప్పుడు తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో 'తారీకు చూడు' అని వచ్చేది. కొత్తాయనకు వారం రోజులు దగ్గర కూర్చొని అన్నీ చూపించింది, క్యాలెండర్ తిరగేసి, గళ్ళు చూపించి, సుద్ద చేతికిచ్చి. ఆయన తల ఊపాడు. వచ్చే ఏడాదికి కొత్త మిషన్లు వచ్చాయి. మొత్తం బిల్డ్ రెండు నిమిషాల్లో అయిపోయేది. క్యాలెండర్ ఎవరు తీసేశారో తెలియదు. సున్నం వేసినప్పుడు పోయి ఉంటుంది.

ఆ తర్వాత నాకు పర్మనెంట్ అయింది. కొన్నేళ్ళకు పుంగనూరుకు దగ్గరగా వేరే కాలేజీకి మారాను. ఒక్కసారి మాత్రం మదనపల్లె అంగడికి పోయాను. ఆపా కళ్ళద్దాలు పెట్టుకొని కుడుతోంది. పక్కన వాళ్ళ నాన్న కుర్చీలో కూర్చొని రేడియో వింటున్నాడు. నన్ను చూసి "ఏమ్మే, లావైనావే" అంది. టీ తెప్పించింది. పిల్లలకు ఇప్పుడు కంపైలర్ ఎట్లా చెబుతున్నావని అడిగింది, చెప్పాను. ఎదురుగా ఉన్న అంగడి బోర్డు చూపించి, పోయిన నెలే రంగు మార్చినారంది. నేను చెప్పాలనుకున్నది గొంతు దాకా వచ్చింది. ఆమె నా ముఖం చూసి, ఖాళీ గ్లాసు నా చేతిలోంచి తీసుకొని, "బస్సుకు టైమాయ" అంది. వచ్చేశాను. అదే చివరిసారి చూడటం.

తమ్ముడు ప్యాంటు మడిచి పక్కన పెట్టి, "జాకెట్టు ఇట్లివ్వండి మేడమ్" అన్నాడు. చేతిలో తిప్పి చూశాడు. చంక దగ్గర నీలం సుద్దతో చిన్న గీత పెట్టాడు. తర్వాత ఒక చిన్న చీటీ, పెన్ను నా వైపు జరిపాడు.

"ముందు తారీకు ఏయండి. మీ చేత్తోనే ఏయాల."

"ఎందుకు?"

"ఆపా పెట్టిన పద్ధతి మేడమ్. ఈ అంగట్లో తారీకు పడంది గుడ్డ ముట్టేది లేదు. యాల అని మేమూ అడిగినాం. కాలేజీలో ఒకసారి తారీకు సూడకుండా పని చేసి ఉద్యోగం పోగొట్టుకున్నా, మీరట్లా చేయొద్దండి అనేది. నవ్వుతానే సెప్పేది. మా అబ్బా పోయేదాకా ఆమెను ఏడిపిస్తాండె, తారీకు సూడని బిడ్డని."

ఇంట్లో కూడా చెప్పలేదన్న మాట. కన్నతండ్రి ఎగతాళి చేస్తుంటే కూడా పడింది. కప్పిన మిషన్ వైపు చూశాను. ఇప్పుడు చెబితే ఏం మారుతుందని ఆమె అడగడానికి లేదు.

"ఆపా కాదయ్యా. ఆ రోజు తారీకు చూడనిది నేను. మీ ఆపా ఊళ్ళోనే లేదు, మీ నాన్న కంటి ఆపరేషన్‌కు వచ్చింది. చేసింది నేను, ఉద్యోగం పోయింది ఆమెది. నేను నోరు మూసుకున్నాను" అన్నాను.

ఆయన కత్తెర చేతిలో పట్టుకొని నన్ను చూశాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. లేచి, ఆపా మిషన్ మీద కప్పిన గుడ్డ కొస జారి ఉంటే సరిచేసి, వచ్చి కూర్చున్నాడు.

"అబ్బా ఉన్నప్పుడు వచ్చి ఈ మాట చెప్పుంటే బాగుండు మేడమ్" అన్నాడు. "ఆయన తెలుసుకోకుండానే పాయ."

ఆయన కత్తెర మొనతో నీలం గీత ఉన్న చోట కుట్టు విప్పడం మొదలుపెట్టి, ఒక్క పోగు తెంచి ఆగిపోయాడు.

"తారీకు ఏయలేదు మీరింకా."

గోడకున్న క్యాలెండర్ చూశాను. నమ్మకం కుదరక ఫోన్ తీసి అందులోనూ చూశాను. అప్పుడు రాశాను.